నలభై ఒకటా, నలభై రెండా

నాకు ముక్కు మీదే కోపం అని మా వీధి వీధంతా చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు దారాల కొట్టు నడిపినదాన్ని. "తెల్ల దారం ఒకటివ్వండమ్మా" అని ఎవరైనా వస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. తెలుపంటే ఏ తెలుపు? పాల తెలుపా, సున్నం తెలుపా, ఉతికి ఉతికి నీలిమందు పట్టిన తెలుపా? నా కొట్లో తెల్ల దారాలే పంతొమ్మిది రకాలుండేవి. ఎవరైనా గుడ్డ తెస్తే, ఆ గుడ్డా నా దారమూ పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు ఇచ్చేదాన్ని. లైటు కింద చూసి దారం ఇచ్చిన రోజు ఒక్కటి లేదు. లైటు అబద్ధం చెబుతుంది, గుమ్మం చెప్పదు అని వచ్చినవాళ్ళకు పాఠం కూడా చెప్పి పంపేదాన్ని. అలా అలా నా పేరు అందరూ మరిచిపోయి దారాలమ్మ అనే పిలవడం మొదలుపెట్టారు.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంత గొప్ప కోసమే. కానీ నేను చెప్పబోయేది నేను చేసిన తప్పు గురించి. నా తప్పు నేనే చెప్పుకోవడం ఇదే మొదలు కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

మోకాళ్ళు మొరాయించాక కొట్టు మూసేశాను. కొట్టంటే మా ఇంటి ముందు గదే. అరలు ఊడదీశాం, గది ఖాళీగా రెండేళ్ళు పడి ఉంది. దాన్ని మా కోడలు అడిగింది.

మా కోడలు పళ్ళు చేస్తుంది. నవ్వకండి, అది చాలా పెద్ద పని. పన్ను విరిగినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళితే, డాక్టరు అచ్చు తీసి ఒక ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ పింగాణీ పొడి కలిపి, సన్నటి బ్రష్‌తో పొర మీద పొర పేర్చి, చిన్న కొలిమిలో కాల్చి పన్ను తయారుచేస్తారు. దవడ పన్నయితే ఎవరైనా చేస్తారు, లోపల ఎవరు చూడొచ్చారు? ముందు పన్ను, అందులోనూ ఒకే ఒక్కటి చేయడం కష్టం. పక్కనే దేవుడిచ్చిన పన్ను ఉంటుంది, దానితో కలిసిపోవాలి. ఎదుటివాళ్ళు నవ్వు చూడాలి గాని పన్ను చూడకూడదు. మా కోడలు అలాంటి పళ్ళు ఒకరి ల్యాబ్‌లో పదేళ్ళు చేసింది. రెండు వీధుల అవతల ఉండే పళ్ళ డాక్టరమ్మ ఒకరోజు ఆమెతో, "నువ్వు సొంతంగా మొదలుపెట్టు, నా ముందు పళ్ళన్నీ నీకే ఇస్తా" అంది. ఆ మాట పట్టుకుని పాత ల్యాబ్ వదిలేసి వచ్చింది. వాళ్ళు మర్నాడే ఆమె కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు. అంటే వెనక్కి దారి లేదు.

"అత్తయ్యా, ముందు గది నాకిస్తారా?" అని అడిగింది.

"ఇస్తాను. గోడల రంగు మాత్రం నేనే చూస్తాను" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. గది ఇచ్చేస్తున్నాను కదా, ఏదో ఒకటి నా చేతిలో ఉండాలనిపించిందేమో. రంగు విషయంలో ఈ ఇంట్లో నా మాట కాక ఇంకెవరి మాట చెల్లుతుంది అనుకున్నాను.

ముగ్గురం రంగుల షాపుకు వెళ్ళాం. నేనూ, కోడలూ, బరువులు మోయడానికి మా అబ్బాయీ. మావాడు సిటీ బస్సు నడుపుతాడు. ఎర్ర లైటు, పచ్చ లైటు తప్ప మూడో రంగుతో వాడికి పనిలేదు. షాపు ఒక సందు చివర ఉంది, లోపల కిటికీ కూడా లేదు, నెత్తి మీద వరసగా లైట్లు. షాపాయన రంగుల పుస్తకం తెరవగానే కోడలు సూటిగా లేత బూడిద రంగుల పేజీకి వెళ్ళి నలభై రెండో నంబరు మీద వేలు పెట్టింది. నేను దాని పక్కనున్న నలభై ఒకటి మీద పెట్టాను.

మావాడు తొంగి చూసి, "రెండూ ఒకటే కదమ్మా" అన్నాడు.

ఇద్దరం ఒకేసారి వాడి వైపు తిరిగి చూశాం. వాడు వెళ్ళి బ్రష్‌లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

రెండూ దాదాపు తెలుపే, కొంచెం బూడిద కలిసినట్టు ఉంటాయి. నలభై ఒకటి పేరు వేకువ మంచు, నలభై రెండు పేరు వాన మబ్బు. పేరు విన్నా చెప్పొచ్చు ఏది బాగుంటుందో.

"నలభై ఒకటిలో కొంచెం ఎరుపుందత్తయ్యా. నా గోడలో ఏ రంగూ ఉండకూడదు. ఉత్త బూడిద కావాలి. లేకపోతే పన్ను షేడు సరిగ్గా కనబడదు" అంది కోడలు.

"ఎరుపా? ఎక్కడమ్మా ఎరుపు?" అని పుస్తకం లైటు కిందికి జరిపాను. ఎక్కడా ఎరుపు లేదు.

అప్పుడు షాపాయన రెండు చేతులూ జోడించి, "దారాలమ్మగారి కన్ను సంగతి మాకు తెలియదా? మా అమ్మ మీ కొట్టుకే వచ్చేది. మీరు ఒకటంటే అది ఒకటే" అన్నాడు. నేను ఐసులా కరిగిపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు గుమ్మం, గుమ్మం అని ఊరికి పాఠం చెప్పినదాన్ని, గుమ్మం మాటే మరిచిపోయి లైటు కింద నిలబడి, "నలభై ఒకటి కలపండి" అన్నాను. కోడలు నా వైపు ఒక్కసారి చూసి ఊరుకుంది. అది ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది.

గది తయారైంది. నలభై ఒకటి నిజంగానే ముచ్చటగా ఉంది. గోడల మధ్య నిలబడితే మనుషుల మొహాలకు ఒక కళ వచ్చేది. కిటికీ కింద ఆమె బల్ల, బల్ల మీద బ్రష్‌లు, పొడి సీసాలు, మూలన కొలిమి. నమూనా పళ్ళు ఒక పట్టీకి వరసగా గుచ్చి ఉంటాయి, పదహారు. పదహారూ తెల్లనివే, ఏ రెండూ ఒకటి కావు. వాటిని చూసినప్పుడు మాత్రం ఈ పిల్ల నా కోవలోదే అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

మొదటి పన్ను వెళ్ళింది, తిరిగొచ్చింది. పక్క పళ్ళ ముందు పచ్చగా పాలిపోయి కనబడుతోందని డాక్టరమ్మ చీటీ రాసింది. మొదటిది కదా అనుకున్నాం. రెండోదీ తిరిగొచ్చింది. మూడోది తిరిగొచ్చిన రోజు కోడలు అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకుని లేచింది.

ఆ సాయంత్రం, "అత్తయ్యా, బల్ల వెనక గోడకు బూడిద రంగు గుడ్డ ఒకటి కట్టుకోనా?" అని అడిగింది.

"కొత్త గోడకు మేకులా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అన్నాను.

అనేశాను. ఆ మాటకు ఇవాళ్టికీ నాకు సిగ్గే. మర్నాటి నుంచి కోడలు, కాల్చిన పన్నును పట్టకారుతో పట్టుకుని మాటిమాటికీ పెరటి గుమ్మంలోకి వెళ్ళి చూసుకునేది. కానీ పొర పేర్చడం బల్ల దగ్గరే జరగాలి కదా, గాలి తగిలితే తడిపిన పొడి ఆరిపోతుంది. గదిలో సరిపోయింది పెరట్లో సరిపోయేది కాదు, మళ్ళీ మొదటికొచ్చేది. నేను చూస్తూ చూస్తూ, "ఎండలోకీ నీడలోకీ ఊరికే తిరిగితే తలనొప్పి వస్తుంది, ఒకచోట కుదురుగా కూర్చో" అని కేకలేసేదాన్ని. నా పాఠమే అది చేస్తోందని నాకు తట్టనే లేదు.

ఆ శనివారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి ఉంది, నాకూ వినపడింది. "నీ పని అక్కడున్నప్పుడు ఇలా ఉండేది కాదమ్మా. సోమవారం ఒక టీచరుని నీ దగ్గరికే పంపుతున్నా, నువ్వే కళ్ళారా షేడు చూసుకో. ముందు పన్ను ఒక్కటే. శుక్రవారం పెట్టాలి. ఇది కూడా కలవకపోతే నేను వేరేవాళ్ళకి పంపక తప్పదు. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అంటే ఏమనుకోవాలి? ఈ చుట్టుపక్కల డాక్టర్లంతా ఈవిడ మాట విని పని ఇచ్చేవాళ్ళే. ఈవిడే వద్దందంటే గదికి తాళం వేసుకోవడమే. కోడలు ఫోన్ పెట్టేసి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, అవి ఎవరి చేతులో అన్నట్టు.

సోమవారం ఆ టీచరు వచ్చింది. చిన్నపిల్లల బడిలో చెబుతుందట. ఉయ్యాల ఊపుతుంటే తిరిగొచ్చి మూతికి తగిలి పన్ను పోయింది. మాట్లాడినంతసేపూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

"పిల్లలు నన్ను నవ్వించాలని రోజూ పందెం వేసుకుంటున్నారండీ. నేను బిగపట్టుకుని కూర్చుంటున్నా. ఒకడైతే, టీచర్‌కి మా మీద కోపం వచ్చింది అని ఇంటికెళ్ళి ఏడ్చాడట" అంది.

కోడలు ఆమెను పెరటి గుమ్మంలో కూర్చోబెట్టి నమూనా పళ్ళు ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూసింది, ఫోటోలు తీసింది. నేను పక్క గదిలోకి వచ్చేశాను. ఏ పన్నో కూడా చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం మావాడు డ్యూటీ చొక్కా తెచ్చాడు, జేబు చిరిగింది. లేత బూడిద చొక్కా. నేను నా పాత దారాల డబ్బా తీసుకుని కోడలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పాను. నిజానికి అది ఒంటరిగా కూర్చుని ఏడుస్తోందేమో చూడ్డానికి వెళ్ళాను. ఏడవడం లేదు. టీచరమ్మ పన్నుకు రెండో పొర పేరుస్తోంది, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు. నేను చప్పుడు చేయకుండా డబ్బాలోంచి దారం ఏరి, చొక్కా మీద పెట్టి చూసుకుని, కుట్టేశాను. కుట్టు ఎక్కడుందో నాకే కనబడలేదు. చేయి ఇంకా పోలేదులే అని సంతోషపడ్డాను.

మావాడు చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళాడో లేదో, ఎదురింటి టైలరమ్మ పకపకా నవ్వు.

"దారాలమ్మగారూ! ఈ కుట్టు మీరేసిందేనా? ఇంకెవరి చేతైనా వేయించారా?"

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను. జేబు చుట్టూ కుట్టు పచ్చగా పాలిపోయి, అరఫర్లాంగు దూరానికి కనబడుతోంది. నా జన్మలో నా దారం గుడ్డ మీద కనబడ్డం అదే మొదటిసారి. వెంటనే వాడి చేత చొక్కా విప్పించాను. లోపలికి తీసుకెళ్ళాను, కుట్టు మాయం. బయటికి తెచ్చాను, కుట్టు పచ్చగా పళ్ళికిలిస్తోంది. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. బనియనుతో గేటు దగ్గర నిలబడ్డ మావాడు, "అమ్మా, నా డ్యూటీ టైమవుతోంది, ఆ చొక్కా ఇటు పారేయ్" అని మొత్తుకుంటున్నాడు. టైలరమ్మ నవ్వు ఆపి, నాకేమైనా అయిందేమోనని వీధి దాటి వచ్చింది.

నాలుగోసారి గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక అడుగు లోపల, ఒక అడుగు బయట. చొక్కా అదే, దారం అదే, కళ్ళు అవే. మారుతున్నది గది ఒక్కటే.

పెరట్లో మిగిలిన రంగు డబ్బా ఉంది. మూత తీసి ఒక అట్టముక్క ముంచి, ఆరేదాకా గాలికి ఊపి, గుమ్మంలోకి తెచ్చాను. పక్కన నా డబ్బాలో అన్నిటికంటే నికార్సయిన బూడిద దారం కండె పెట్టాను. చూశాను. నలభై ఒకటి, నేను ఎంచుకున్న నలభై ఒకటి, పసిపిల్ల చెవిలా గులాబీగా ఉంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురంతా ఆ గోడలకు తగిలి, వాటి ఎరుపు పూసుకుని బల్ల మీద పడుతోంది. చొక్కా మీదా, దారం మీదా ఒకే ఎరుపు చల్లి తేడాను కప్పేస్తోంది. పన్ను మీదా అంతే. మూడు పళ్ళూ అందుకే పోయాయి. మద్దెల నిజంగానే ఓడు. ఆ మద్దెల చేసి ఇచ్చినదాన్ని నేను.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. తప్పు చేశానన్న బాధ ఒకవైపు, ఒప్పుకోవాలే అన్న బాధ ఇంకోవైపు. అబద్ధమెందుకు, రెండోదే ఎక్కువగా ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి నాలుగో కాలు తానే చూపించాలంటే ఎలా ఉంటుంది? ఎవరికీ చెప్పకుండా ఆ బూడిద గుడ్డేదో నేనే కట్టించేస్తే పోలేదా అని కూడా ఆలోచించాను. అప్పుడు ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకోవడం గుర్తొచ్చింది. లేచి లోపలికి వెళ్ళాను.

"ఆపమ్మా" అన్నాను.

కోడలు బ్రష్ గాల్లోనే ఆపి, "ఏమైందత్తయ్యా?" అంది.

"నీ చేతిలో తప్పు లేదు. గోడది తప్పు. గోడంటే నాది. ఇందులో ఎరుపుంది."

అది బ్రష్ నీళ్ళలో ముంచి, మెల్లిగా తుడిచి పక్కన పెట్టింది. "నాకూ అనుమానంగానే ఉందత్తయ్యా" అంది.

"ఉందా? మరి నోట్లో ఏం పెట్టుకున్నావ్? చెప్పొద్దూ?"

"చెప్పానుగా, షాపులో."

"ఒక్కసారి చెప్తే సరిపోతుందా? నాలాంటిదానికి పదిసార్లు చెప్పాలి! అరిచి చెప్పాలి! పోట్లాడాలి!" అని నేను అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే. కింద పడ్డా పైచేయి నాదే అనే రకాన్ని, ఏం చేయను.

కోడలు నవ్వబోయి, నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. "డాక్టరమ్మ ఫోన్ చేశాక ఆ అనుమానం నా మీదికే తిరిగిందత్తయ్యా. నా చేతిలోనే పని పోయిందనుకున్నా" అంది. నేను ఆ చేతులు రెండూ పట్టుకున్నాను. పింగాణీ పొడి నా చేతులకూ అంటింది.

సాయంత్రం పొద్దుండగానే ఇద్దరం రంగుల షాపులో ఉన్నాం. షాపాయన మళ్ళీ చేతులు జోడించి, "దారాలమ్మగారి కన్ను..." అని మొదలుపెట్టాడు.

"నా కన్ను సంగతి తర్వాత. నలభై ఒకటీ, నలభై రెండూ చెరో చెక్క మీద పూసి బయటికి తీసుకురండి."

"ఇక్కడే లైటుంది కదమ్మా!"

"ఆ లైటే నా కొంప ముంచింది. బయటికి రండి."

సందు మొదట్లో, వెలుతురున్న చోట చెక్కలు రెండూ గోడకు ఆనించి నిలబెట్టాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన మావాడిలాగే రెండూ ఒకటేగా అన్నాడు, ఆయన్ని నేను వదిలిపెట్టాను. కోడలు తన నమూనా పళ్ళ పట్టీ తీసి, ముందు ఒక చెక్క మీద, తర్వాత రెండో చెక్క మీద పెట్టి చూసింది. నలభై ఒకటి మీద పదహారు పళ్ళూ అక్కచెల్లెళ్ళలా కనబడ్డాయి. నలభై రెండు మీద ఎవరికి వారే విడిపోయి నిలబడ్డారు.

"ఇంతకీ వీటిలో ఏమేం కలుపుతారు?" అని షాపాయన్ని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి చదివాడు.

"నలభై రెండుకి డబ్బాకి నలుపు మూడు చుక్కలమ్మా. నలభై ఒకటికి నలుపు మూడు చుక్కలు, ఎరుపు ఒక చుక్క."

ఒక్క చుక్క. డబ్బా మొత్తానికి ఒక్క చుక్క. నా కోడలు ఆ చుక్కను లైటు కింద, పుస్తకంలో, వేలెడంత కాగితం ముక్క మీద పట్టేసింది. నేను పట్టలేదు. ఆ మాట అక్కడే, షాపాయన ముందు, దారిన పోయేవాళ్ళందరి ముందూ గట్టిగా చెప్పాను. అదేమిటో, చెప్పాక నాకు చాలా హాయిగా అనిపించింది.

బుధవారం మావాడు సెలవు పెట్టాడు. బల్లా, కొలిమీ హాల్లోకి మోశాం. వాడు రోలరుతో గోడలకు రంగు వేస్తుంటే నేను స్టూలు మీద కూర్చుని మూలలు బ్రష్‌తో సరిచేశాను. మధ్యాహ్నానికి ఒక కోటు, సాయంత్రానికి రెండోది. పచ్చిగా ఉన్నప్పుడు గోడ మరీ దిగాలుగా ఉంటే, "అమ్మా, పోయినసారిదే బాగున్నట్టుంది కదా" అన్నాడు మావాడు. తడి రోలరుతో వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. ఆరాక గది ఏ రంగూ లేకుండా ఊరుకుంది. అద్దంలో చూసుకుంటే నా మొహం నా వయసుకు తగ్గట్టే కనబడింది. సరైన గోడే అనుకున్నాను.

గురువారం కోడలు పాత పన్ను పక్కన పడేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను గుమ్మం బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. పాలవాడిని మాట్లాడనివ్వలేదు, టైలరమ్మను దగ్గనివ్వలేదు. లోపల కొలిమి, కాల్చడం అయిందని మూడుసార్లు కూసింది. ఒక్కొక్క కూతకూ కోడలు పట్టకారుతో పన్ను పట్టుకుని నన్ను దాటుకుంటూ గుమ్మంలోకి వచ్చి, పైకెత్తి చూసి, లోపలికి వెళ్ళింది. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు నిలబడింది.

"అత్తయ్యా, మీరొకసారి చూడండి."

"నేను చూడను. ఇప్పుడు చూస్తే రేపు నా మాటకు విలువుండదు" అన్నాను. చూడాలని ప్రాణం పీకుతోంది. గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

శుక్రవారం నేనూ వెంట వెళ్ళాను. రమ్మని ఎవరూ పిలవలేదు. డాక్టరమ్మ తలుపు వేసుకుని లోపల పన్ను పెడుతున్నంతసేపూ మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. కోడలు పన్ను తెచ్చిన చిన్న డబ్బా మూత తెరుస్తూ మూస్తూనే ఉంది, నేను చెయ్యేసి ఆపాను. తలుపు తెరుచుకుంది. టీచరు కుర్చీలో ఉంది, నెత్తి మీద పెద్ద లైటు. డాక్టరమ్మ ఏమీ తేల్చకుండా, "బాగానే ఉన్నట్టుంది" అంది.

"ఉన్నట్టుంది కాదు. గుమ్మంలోకి పదండి" అన్నాను.

"ఇక్కడ ఇంత లైటుంది కదండీ!"

"మీ లైటు మంచిదే కావచ్చు. పిల్లలు ఈవిడ నవ్వును లైటు కింద చూడరు, ఆరుబయట ఉయ్యాల దగ్గర చూస్తారు. పదండి."

డాక్టరమ్మ కోడలి వైపు చూసింది. కోడలు, "రండి మేడమ్, ఆవిడ వదలరు" అంది.

నలుగురం వీధి మెట్ల మీదికి వచ్చాం. పదకొండు గంటల వెలుతురు, తెల్లగా, సూటిగా ఉంది. టీచరు అలవాటు కొద్దీ అరచెయ్యి మూతి మీదికి తెచ్చింది. కోడలు ఆ చేతిని మెల్లిగా పట్టుకుని కిందికి దించింది. డాక్టరమ్మ వంగి చూసింది. పక్కకు జరిగి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"పెట్టింది నేనే కాకపోతే చెప్పలేకపోయేదాన్ని" అంది.

"మీరు ఉండండి. నేను చెప్తాను" అని నేను ముందుకొచ్చాను.

ముప్పై ఒక్క ఏళ్ళ కన్ను ఇది. నా కళ్ళజోడు సర్దుకుని, టీచరు మొహం రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురుకు తిప్పాను. ముందు పళ్ళు రెండూ చూశాను. ఎడమదీ కుడిదీ, అంచులూ చిగుళ్ళ దగ్గరా, మూడు నాలుగుసార్లు చూశాను. ఎడమ పన్ను కింది అంచున ఆవగింజలో సగం తెల్లటి మచ్చ ఉంది, మరీ పొందికగా ఉంది. దేవుడు ఇంత శ్రద్ధగా పెట్టడు, ఇది మనిషి చేసిన పనే. దొరికిపోయింది అనుకున్నాను. మనసు చివుక్కుమంది. కానీ గుమ్మంలో నిలబడి అబద్ధం చెప్పలేను కదా.

"ఇదిగో, ఈ ఎడమది. దీని మీదున్న మచ్చ వల్ల తెలిసిపోయింది" అన్నాను.

టీచరు కళ్ళు పెద్దవయ్యాయి.

"అది ఆవిడ సొంత పన్నత్తయ్యా. నేను చేసింది కుడిది" అంది కోడలు.

టీచరు ముందు నవ్వింది. అరచెయ్యి పైకి రాలేదు. పళ్ళన్నీ బయటపెట్టి, తల వెనక్కి వాల్చి, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేలా నవ్వింది. నాకు ఆ నవ్వులో ఒక్క పన్ను కూడా విడిగా కనబడలేదు. డాక్టరమ్మ లోపలికి వెళుతూ వెళుతూ, "నా దగ్గర నాలుగు అచ్చులున్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. అన్నీ ముందు పళ్ళే" అంది. కోడలు సరేనని తలూపి, నా భుజం మీద తల పెట్టి, వీధి మధ్యలో, చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఆ భుజమే కాస్త ఎత్తుగా పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి టైలరమ్మ గేటు దగ్గరే కాచుకుని ఉంది.

"ఏమైందండీ? కలిసిందా?"

"నేను తప్పు చెప్పాను!" అని వీధి చివరిదాకా వినపడేలా కేకేశాను. "ముప్పై ఒక్క ఏళ్ళ కన్నమ్మా ఇది, పట్టపగలు, గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని చూసి మరీ తప్పు చెప్పాను!"